రంగుల త్రాసు

హైదరాబాదు నగరమునకు పడమటి దిక్కున, మాదాపూరులో, సైబర్ టవర్సు అను గుండ్రని మేడ యొకటి కలదు. నాటి ప్రధానమంత్రి శ్రీ అటల్ బిహారీ వాజపేయి దానిని 1998వ సంవత్సరము నవంబరు 22వ తేదీన ప్రారంభించిరి. ఒకప్పుడు రాతిగుట్టలును, ముళ్ళపొదలును నిండియుండిన ఆ ప్రదేశము నేడు హైటెక్ సిటీ అను పేరుతో ప్రసిద్ధి కెక్కి, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడల దాక మేడలతో నిండినది. ఆ మేడలలో పనిచేయువారు ఎన్నెన్నో వృత్తులవారు. అయినను ఉదయము కూర్చున్నది మొదలు సాయంకాలము లేచువఱకు అందఱి యెదుటను ఉండునది ఒక్కటే. అది కంప్యూటరు తెర. దానినే మానిటరు అందురు.

లెక్కలు వ్రాయువానికి తెరపై అక్షరములు స్పష్టముగా కనబడిన చాలును. తెర కొంచెము నీలముగా నున్నంత మాత్రమున ఏడు ఎనిమిదిగా మాఱదు. ఛాయాచిత్రమును చూచి తీర్పు చెప్పవలసినవాని సంగతి అట్లు కాదు. చీర వన్నె యెట్టిది? పంటచేను ఆరోగ్యముగా నున్నదా? రోగి కంటిలోపలి నెత్తురుచాఱ ఎంత ముదురు రంగుగా నున్నది? ఈ ప్రశ్నలకు అతడు తెరను చూచియే సమాధానము చెప్పును. తెర అబద్ధమాడినచో అతని మాటయు అబద్ధమగును. కావున తెరను పరీక్షించుట యెట్లు, సరిదిద్దుట యెట్లు అను విషయమును తెలిసికొందము.

మాదాపూరు దగ్గఱనే దుర్గం చెఱువు కలదు. దానిపై 2020వ సంవత్సరము సెప్టెంబరులో తీగల వంతెన ప్రారంభమైనది. ప్రొద్దు గ్రుంకిన వేళ ఒకడు ఆ వంతెనను ఫోటో తీసెననుకొందము. పైన నీలాకాశము, నీటిలో దీపముల నీడలు, గట్టున ఇంచుక ఎఱుపు కలిసిన బూడిద వన్నె గండశిలలు. ఆ ఒక్క చిత్రమునే నాలుగు తెరలపై తెఱచి ప్రక్కప్రక్కన పెట్టి చూడుడు. మొదటి తెరపై శిలలు నీలిచాయగా కనబడును. రెండవదానిపై పసుపు పూసినట్లుండును. మూడవదానిపై నీటి అంచున నున్న రాళ్ళు చీకటిలో కలిసిపోయి అసలే కనబడవు. నాలుగవదానిపై దీపములన్నియు కలిసి ఒక తెల్లని మచ్చయై పోవును. వంతెన ఒక్కటే, చిత్రము ఒక్కటే. సాక్ష్యములు మాత్రము నాలుగు. వీనిలో దేనిని నమ్మవలెను?

పచ్చకామెర్ల వానికి లోకమంతయు పచ్చగా కనబడునని పెద్దల సామెత. అందులో లోకము తప్పు లేదు. చూచు సాధనములోనే దోషమున్నది. తెర విషయమును అట్టిదే.

ఇట్లు జరుగుటకు కారణము తెలియవలెనన్న, కంప్యూటరులో చిత్రము ఏ రూపమున దాగియుండునో మొదట తెలియవలెను. నిజమునకు అందులో రంగు లేదు. అంకెలు మాత్రమే ఉన్నవి. చిత్రము లక్షలకొలది చుక్కలుగా విభజింపబడి యుండును. ఒక్కొక్క చుక్కకు పిక్సెలని పేరు. ప్రతి చుక్కకును మూడేసి అంకెలుండును: ఎఱుపు ఎంత, ఆకుపచ్చ ఎంత, నీలము ఎంత అని. సాధారణముగా ఈ అంకె 0 మొదలు 255 వఱకు ఉండును. మూడును 0 అయినచో నలుపు. మూడును 255 అయినచో తెలుపు. మూడును సమానముగా నడుమ నున్నచో బూడిద వన్నె. ఒక్కొక్క రంగునకు 256 మెట్లు గనుక, 256ను 256తోను, మరల 256తోను గుణించినచో 1,67,77,216 వచ్చును. ఇన్ని వన్నెలను ఆ మూడంకెలతో చెప్పవచ్చును.

మూడు రంగులే ఏల అని మీరు అడుగవచ్చును. మన కంటిలో రంగును గ్రహించు కణములు మూడు తెగలవి. ఆ మూడింటిని తగిన పాళ్ళలో కదిలించినచో మనకు నానావిధములైన రంగులు తోచును. 1861లో జేమ్స్ క్లార్క్ మాక్స్‌వెల్ అను శాస్త్రజ్ఞుడు లండను నగరమున ఈ సంగతిని చూపెను. రంగుల పట్టీ నొకదానిని మూడు రంగుల వడపోతల గుండ మూడు మాఱులు ఫోటో తీయించి, ఆ మూడు చిత్రములను మరల ఆయా రంగుల వెలుగుతో ఒకదానిపై నొకటి పడునట్లు తెరపై ప్రసరింపజేసెను. పట్టీ తన రంగులతో కనబడెను. నేటి కంప్యూటరు తెరయు ఆ సూత్రము పైననే నడచుచున్నది. భూతద్దముతో తెల్లని తెరను చూచినచో ఎఱుపు, ఆకుపచ్చ, నీలము అను సన్నని గీటులు బారులు తీరి కనబడును. తెలుపు ఎక్కడను కనబడదు.

కాగితముపై స్వరములు వ్రాసియున్నంత మాత్రమున పాట వినబడదు. వానిని వీణపై పలికింపవలెను. వీణ శ్రుతి తప్పియున్నచో, వ్రాసిన స్వరమునే మీటినను అపస్వరమే పలుకును. చిత్రములోని అంకెలు స్వరముల వంటివి. తెర వీణ వంటిది. తెరను శ్రుతి చేయుటనే ఆంగ్లమున కాలిబ్రేషను అందురు.

తెరలు శ్రుతి తప్పుటకు కారణములు పెక్కులు. తయారుచేయు సంస్థలు వేఱు, అందు వాడు వస్తువులు వేఱు. అంగడిలో పది తెరలు వరుసగా నుంచినపుడు అన్నింటికన్న మిక్కిలి మెఱయునదే కొనువాని కంటికి ఇంపుగా తోచును గనుక, కొన్నింటిని మితిమీఱిన ప్రకాశముతోను, ముదురు రంగులతోను పంపుదురు. తెర పాతబడిన కొలది వెనుక నున్న దీపము మందగించును; దాని వన్నెయు మాఱవచ్చును. ఇంటివారెవరో మీటలు నొక్కి ఏర్పాటులను మార్చియుండవచ్చును. రాత్రివేళ కంటికి హాయిగా నుండుటకై తెరను పసుపువన్నెగా మార్చు సదుపాయము పగటిపూట కూడ నడచుచుండవచ్చును.

శ్రుతి చేయుటకు ఆధారస్వర మొకటి కావలెను గదా! రంగుల విషయమున అట్టి ఆధారమును శాస్త్రజ్ఞులు ఏర్పఱచిరి. వెలుతురును గూర్చిన అంతర్జాతీయ సంఘము, సి.ఐ.ఇ. అనునది, 1931లో రంగులను అంకెలతో కొలుచు పద్ధతిని నిర్ణయించెను. 1996లో హ్యూలెట్ ప్యాకార్డ్, మైక్రోసాఫ్ట్ అను రెండు సంస్థలు కలిసి, సామాన్యమైన తెరలకు ఎస్.ఆర్.జి.బి. అను ప్రమాణమును ప్రతిపాదించినవి. 1999లో అది అంతర్జాతీయ ప్రమాణమైనది. ఛాయాచిత్రములు చూచువారు ఇట్టి ప్రమాణములను అనుసరించి మూడు సంగతులను సరిచూతురు.

మొదటిది తెలుపు యొక్క చాయ. కమ్మరి కొలిమిలో ఇనుము మొదట ఎఱ్ఱగను, పిమ్మట నారింజ వన్నెగను, మిక్కిలి వేడియెక్కినపుడు పసుపు కలిసిన తెలుపుగను మాఱుట మీరు చూచియుందురు. అంతకంటె వేడి గల నక్షత్రములు నీలిచాయతో వెలుగును. వేడిని బట్టి వెలుగు వన్నె మాఱును గనుక, తెలుపు చాయను కెల్విను అను ఉష్ణమానముతో చెప్పుదురు. పాతకాలపు తంతి బల్బు వెలుగు సుమారు 2,700 కెల్విన్లు. పగటి వెలుగునకు గుర్తుగా గ్రహించినది సుమారు 6,500 కెల్విన్లు. తెరలోని తెలుపు ఈ రెండవదానికి సరిపోవలెను.

రెండవది ప్రకాశము. దీనిని కాండెలాలతో కొలుతురు. ఒక క్రొవ్వొత్తి వెలుగును మనసులో నుంచుకొని ఏర్పఱచిన కొలత అది. మితమైన వెలుతురు గల గదిలో ఛాయాచిత్రములు చూచుటకు చదరపు మీటరునకు 80 మొదలు 120 కాండెలాల వఱకు చాలును. క్రొత్తగా కొన్న తెరలు పెక్కులు దీనికి రెండు మూడు రెట్లు వెలుగుచుండును.

మూడవది వెలుగు మెట్ల వరుస. 255 అంకెకు పూర్తి వెలుగు గదా, దానిలో సగమగు 128కి సగము వెలుగు ఉండునని తోచును. కాని అట్లు కాదు. చీకటిలోని చిన్న భేదములను మన కన్ను చక్కగా గుర్తించును. పట్టపగటి వెలుగులో అంతటి భేదమునే గుర్తింపజాలదు. అందుచేత చీకటి వైపు మెట్లు దగ్గఱదగ్గఱగా నుండునట్లు వరుసను ఏర్పఱచిరి. ఆ వరుస యొక్క వంపును గామా అందురు. దాని సామాన్యమైన విలువ 2.2. దాని ప్రకారము 128వ మెట్టున వెలుగు నూటికి 22 పాళ్ళు మాత్రమే. సగము వెలుగు సుమారు 186వ మెట్టున వచ్చును.

ఇన్ని కొలతలు ఏల? కంటితో చూచి సరిచేసికొనరాదా? అని యెవరైనను అనవచ్చును. మన కన్ను ఎంత మేలైన సాధనమో అంతటి సర్దుబాటు గుణము కూడ కలది. రాత్రి బల్బు క్రింద తెల్లచొక్కాను చూడుడు. దానిపై పడునది పసుపు వెలుగే. అయినను మనకది తెల్లచొక్కాగానే కనబడును. అట్లే నీలిచాయ గల తెర యెదుట పది నిమిషములు కూర్చున్నచో కన్ను దానికి అలవాటుపడి, అదియే తెలుపని మనకు నచ్చజెప్పును. తెల్లనివన్నియు పాలు కావు అను మాట ఇచ్చట అక్షరాల నిజము. కాబట్టి కన్ను స్వయముగా ఇచ్చు తీర్పును నమ్మక, దానికి పోల్చి చూచుటకు తగిన వస్తువును చూపవలెను. రెండింటిని ప్రక్కప్రక్కన పెట్టినపుడు భేదమును కనిపెట్టుటలో కంటికి సాటి లేదు.

ఖర్చు లేక ఎవరైనను చేయదగిన పరీక్షలను చెప్పెదను. తెరను వెలిగించి అరగంట కాలము ఉంచవలెను. దీపము నిలకడకు వచ్చుటకు ఆ మాత్రము పట్టును. మెత్తని పొడిగుడ్డతో దుమ్ము తుడువవలెను. కిటికీ వెలుగు తెరపై సూటిగా పడకుండ చూచుకొనవలెను. పసుపువన్నె సదుపాయమును, వెలుగును తనంతట తాను హెచ్చుతగ్గులు చేయు ఏర్పాటును ఆపివేయవలెను. తెరకు ఎదురుగా, తల సమముగా నుంచి కూర్చుండవలెను. ప్రక్కనుండి చూచినపుడు కొన్ని తెరల రంగులు మాఱిపోవును.

పిమ్మట ఒక తెల్లకాగితమును తెర ప్రక్కన, గది వెలుతురు పడునట్లు పట్టుకొనుడు. తెరపై శుద్ధమైన తెలుపును చూపుడు. తెర కాగితము కంటె మిక్కిలి మెఱయుచు దీపమువలె తోచినచో ప్రకాశమును తగ్గింపవలెను. తెర మసకబారిన కాగితమువలె తోచినచో హెచ్చింపవలెను. రెండును ఇంచుమించు సమానముగా నున్నచో మేలు.

తరువాత చిత్రములు గీయు ప్రోగ్రాములో నల్లని నేలపై 5, 10, 15, 20 అంకెలు గల చిన్న గడులను గీయుడు. గది చీకటిగా నున్నపుడు 10వ అంకె గడియైనను లీలగా కనబడవలెను. 20వ అంకె గడియు నలుపులో కలిసిపోయినచో, ఆ తెరపై చిత్రములలోని నీడల వివరములన్నియు నశించుచున్నవని గ్రహింపవలెను. అట్లే తెల్లని నేలపై 250, 245, 240 అంకెల గడులు వేసి చూడుడు. అవి కనబడనిచో మేఘములలోని మడతలును, తెల్లచీర అంచులును కనబడవన్నమాట.

మఱియొక పరీక్ష మిక్కిలి చమత్కారమైనది. ఒక చుక్క వెడల్పున నల్లగీత, ఒక చుక్క వెడల్పున తెల్లగీత, ఇట్లు వరుసగా అడ్డగీతలతో ఒక గడిని నింపుడు. అందులో సగము నలుపు, సగము తెలుపు గనుక దూరమునుండి చూచువానికి సరిగా సగము వెలుగే చేరును. దాని నడుమ 186 అంకె గల బూడిద గడి నుంచుడు. చిత్రమును పెంచక, కుదింపక, ఉన్న కొలతతోనే చూపుచు, నాలుగడుగుల దూరమునకు పోయి కన్నులు కొంచెము మూసి చూడుడు. గామా సరిగా నున్నచో నడిమి గడి గీతలలో కలిసిపోవును. అది తేలిపోయి తెల్లగా కనబడినను, ముదురుగా కనబడినను వరుస తప్పినదని తెలియును. చివరగా, నలుపు నుండి తెలుపు వఱకు బూడిద వన్నెల నిచ్చెన యొకటి గీసి చూడుడు. ఏ మెట్టునను గులాబి చాయ గాని, ఆకుపచ్చ చాయ గాని కనబడరాదు. బూడిదలో రంగు దొరలినచో అది తెర దోషమే.

ఈ పరీక్షలు దోషమును తెలుపును, పూర్తిగా సరిదిద్దజాలవు. వృత్తిగా పనిచేయువారు దీనికై కలరిమీటరు అను చిన్న యంత్రమును వాడుదురు. అది అఱచేతిలో ఇముడునంతటిది. దానిని తెర అద్దమునకు ఆనునట్లు వ్రేలాడదీసి ప్రోగ్రామును నడిపింతురు. తెర ఒకదాని తరువాత ఒకటిగా రంగుల గడులను చూపుచుండును. యంత్రము ఒక్కొక్కదానిని కొలుచుచుండును. పంపిన అంకె ఇంత, వచ్చిన వెలుగు ఇంత అని పట్టిక తయారగును. దానిని బట్టి కంప్యూటరు అంకెలను సవరించి పంపును. నీలము ఎక్కువగా చూపు తెరకు నీలమును తగ్గించి పంపునన్నమాట. ఆ తెర గుణములన్నియు ఒక పత్రముగా దాచబడును. దానికి ప్రొఫైలని పేరు. కంటి వైద్యుడు వ్రాసియిచ్చిన చీటి వంటిదది. ఆ చీటిని చదువగల ప్రోగ్రాములే చిత్రమును సరియైన రంగులతో చూపగలవు. వేర్వేఱు సంస్థల యంత్రములు ఒకదాని చీటిని మఱియొకటి చదువగలుగుటకై 1993లో అంతర్జాతీయ వర్ణ సంఘము, ఐ.సి.సి. అనునది, ఏర్పడెను. ఒకమాఱు సరిదిద్దిన తెర కలకాలము అట్లే ఉండదు. నెలకో, రెండు నెలలకో ఒకమాఱు మరల కొలువవలెను.

సరిదిద్దిన తెరకును హద్దులున్నవి. తెర తానుగా వెలుగు నిచ్చును. కాగితము పైబడిన వెలుగునే త్రిప్పి పంపును. తెర చూపు కొన్ని ఉజ్జ్వలమైన నీలములను, ఆకుపచ్చలను ముద్రణపు సిరాలు అందుకొనజాలవు. "తెరపై కళకళలాడిన పెండ్లిఫోటో అచ్చు వేయగా నల్లబడినది" అను మాట మనము తఱచుగా వినుచుందుము. చాలమాఱులు దానికి కారణము ముద్రాపకుడు కాడు. తెర మితిమీఱి వెలుగుచుండుటచేత, దిద్దువాడు చిత్రమును అవసరమునకు మించి ముదురు చేసినాడు. లేని దోషమును దిద్దబోయి ఉన్న గుణమును చెఱచినాడు. ఈ విద్యలోని ముఖ్యసూత్రము ఇచ్చటనే యున్నది: తెరను దిద్దక ముందు చిత్రమును దిద్దరాదు.

మన ప్రాంతమున ఈ సూత్రము అక్కఱకు వచ్చు చోట్లు అనేకములు. ఆఱవ నిజాము కాలమున ఆస్థాన ఛాయాగ్రాహకుడై, సికిందరాబాదులో చిత్రశాల నెలకొల్పిన రాజా దీన్ దయాళు 1844 నుండి 1905 వఱకు జీవించెను. ఆయన గాజుపలకలు రెండువేలకు మించి నేడు ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రమున నున్నవి. అట్టి పాత చిత్రములను నేడు పెక్కుమంది చూచునది తెరపైననే. నల్లని షేర్వాణీ మడతలను మ్రింగివేయు తెరపై చూచినవాడు, ఆ మహానుభావుని నేర్పులో సగము చూడనట్లే.

2015లోను, 2017లోను వెలువడిన బాహుబలి చిత్రముల దృశ్యమాయలను పెక్కు సంస్థలు పంచుకొని చేసినవి. ఒకచోట జలపాతమును, మఱియొకచోట కొండను చేసి ఒకే దృశ్యమున అతుకునపుడు, ఇరువురి తెరలును ఒకే శ్రుతిలో నున్నగాని అతుకు దాగదు. బాలానగరులోని జాతీయ దూరసంవేదన కేంద్రమున ఉపగ్రహములు పంపిన చిత్రములను పరిశీలింతురు. కంటికి కనబడని పరారుణ కిరణములకు ఎఱుపును కేటాయించి చేసిన చిత్రములలో పచ్చని పైరు ఎఱ్ఱగా కనబడును. ఆ ఎఱుపు ముదురా, లేతయా అను భేదమే పైరు స్థితిని తెలుపును. హైదరాబాదులో 1987లో వెలసిన ఎల్.వి. ప్రసాదు నేత్ర వైద్య సంస్థకు పల్లెలలో దృష్టి కేంద్రములు కలవు. దూరముననున్న రోగి కంటి చిత్రమును వైద్యుడు తెరపై చూచునపుడు ఎఱ్ఱని నేలపై ఎఱ్ఱని చుక్కను గుర్తింపవలసి వచ్చును. తెర ఆ రెండు ఎఱుపులను ఒకటిగా కలిపివేసినచో కలుగు నష్టమును వేఱుగా చెప్పనక్కఱలేదు.

ఇవి పెద్ద సంస్థల సంగతులు. చిన్నవాని బాధ చూడుడు. పోచంపల్లి నేతగాడు నెలల తరబడి నూలుకు రంగులద్ది, మగ్గముపై చీర నేసి, దాని ఫోటోను దూరదేశమున నున్న తెలుగు కుటుంబమునకు పంపెననుకొందము. వారి తెరపై చీర వంగపండు రంగున కనబడినది. చేతికి అందినది మాత్రము నేరేడుపండు రంగు. వారు మోసపోతిమని చీరను త్రిప్పి పంపుదురు. నేతగాడు మోసము చేయలేదు, వారును అబద్ధమాడలేదు. నడుమ నున్న తెర ఇరువురకును తగవు పెట్టినది. నష్టము మాత్రము నేసినవానికి కలిగినది.

బజారులో పప్పు తూచు అంగడివాడు తన గుండ్లను తూనికలు కొలతల శాఖవారికి నియత కాలమున చూపి ముద్ర వేయించుకొనవలెను. అతనిపై నమ్మకము లేక కాదు. ఎంతటి సత్యవంతుడైనను అరిగిన గుండుతో సరిగా తూచలేడు. తెరయు రంగులను తూచు త్రాసు. మీ పాఠశాలలో కంప్యూటరు గది యున్నచో, తెల్లకాగితపు పరీక్షను, అడ్డగీతల పరీక్షను ఉపాధ్యాయుల అనుమతితో చేసి చూడుడు. ప్రక్కప్రక్కన నున్న రెండు తెరలైనను ఒక్కమాట చెప్పుచున్నవో లేదో గమనింపుడు. ఇకమీదట ఎవరి చిత్రమునైనను బాగులేదని అనబోవునపుడు, చూచిన తెర యెట్టిదో ఒక్కమాఱు విచారించి, పిమ్మట మాటాడుడు.